ఇంట్లో మొదటిసారి మీడ్ చేస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

తేనె, నీళ్లు, ఈస్ట్ కలిపి పులియబెడితే వచ్చే తేనె వైనే మీడ్. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు మొదటి బ్యాచ్ పెట్టేముందు, పెట్టాక కంగారు పడుతూ అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. లెక్కలన్నీ ఒక గ్యాలన్‌కి, అంటే 3.8 లీటర్లకి. ముందే ఒక మాట చెప్పాలి. అందరూ మంచి తేనె కోసం వెతుకుతారు, ఈస్ట్‌ని మాత్రం ప్యాకెట్ చింపి వేసేసి మర్చిపోతారు. మీడ్ బాగా రాలేదంటే చాలాసార్లు తప్పు తేనెది కాదు. ఈస్ట్‌కి సరైన తిండి అందక, లేదా వేడి ఎక్కువై అలా అవుతుంది.

ఇంట్లో చేసుకోవడం చట్టబద్ధమేనా?

మీరు ఎక్కడ ఉంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. అమెరికా ఫెడరల్ చట్టం మీడ్‌ని వైన్ కిందే లెక్కేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఇంకా ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండొచ్చు కాబట్టి మీ రాష్ట్రం సంగతి ఒకసారి చూసుకోండి. బ్రిటన్‌లోనూ సొంతానికి చేసుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం వద్దు. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం అక్కడ ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. ఒక్క సీసాయే కదా, మా ఇంట్లోనే కదా అంటే కుదరదు. సెలవులకి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల ఇంట్లో ఒక బ్యాచ్ పెట్టి వద్దామన్న ఆలోచన అస్సలు పెట్టుకోకండి, చిక్కుల్లో పడేది వాళ్లు. ఇండియాలో రుచి చూడాలనుకుంటే పుణెలోని మూన్‌షైన్ లాంటి లైసెన్సున్న మీడరీలు ఉన్నాయి.

కల్తీ సారా తాగి చనిపోయారని వార్తల్లో చదువుతుంటాం. ఇంట్లో చేసిన మీడ్‌తో ఆ ప్రమాదం ఉందా?

ఈ భయం సహజం. కానీ ఆ మరణాలకి ఎక్కువగా కారణం పరిశ్రమల్లో వాడే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్‌ని సారాలో కలిపి అమ్మడం. ఈస్ట్ చక్కెరని తిని ఇచ్చేది ఇథనాల్, అంటే మామూలుగా తాగే ఆల్కహాల్. మిథనాల్ ముఖ్యంగా పండ్లలో ఉండే పెక్టిన్ నుంచి వస్తుంది, తేనెలో పెక్టిన్ దాదాపు ఉండదు. పండ్లు వేసి చేసినా వచ్చేది మామూలు వైన్‌లో ఉండేంతే.

కానీ దాన్ని కాచి బట్టీ పెట్టడం వేరే సంగతి. అమెరికాలో అనుమతి లేకుండా ఇంట్లో సారా దించడం ఫెడరల్ నేరం. ఆ జోలికి వెళ్లకండి.

ఇది కూడా కల్లు లాంటిదేనా?

రెండూ పులిసేవే, కానీ పులిసే తీరు పూర్తిగా వేరు. తాటి కల్లయినా ఈత కల్లయినా గీత కార్మికుడు చెట్టు దిగేలోపే పులవడం మొదలవుతుంది. లొట్టిలోనే ఈస్ట్, బ్యాక్టీరియా ఉంటాయి, గీసిన రసంలో చక్కెరతో పాటు వాటికి కావలసిన పోషకాలూ ఉంటాయి. అందుకే పొద్దున తీపిగా ఉన్నది సాయంత్రానికి పుల్లబడుతుంది. తేనె దీనికి పూర్తి విరుద్ధం. సీసాలో ఉన్న తేనెలో నీటిశాతం తక్కువ, ఈస్ట్ అందులో పెరగలేదు. నీళ్లు కలిపితే పెరగగలదు కానీ తినడానికి చక్కెర తప్ప ఏమీ ఉండదు, నత్రజని మరీ తక్కువ. అందుకే కల్లు గంటల్లో తయారైతే మీడ్‌కి నెలలు పడుతుంది. ఆల్కహాల్ కూడా కల్లులో నాలుగైదు శాతం దగ్గర ఉంటే, ఇక్కడ చెప్పే మీడ్‌లో దాదాపు 12 శాతం ఉంటుంది. గ్లాసు సైజు కూడా దాన్ని బట్టే ఉండాలి.

అసలు మీడ్ రుచి ఎలా ఉంటుంది? తియ్యగా ఉంటుందా?

చాలామంది తేనె పానకంలా ఉంటుందనుకుంటారు. చక్కెరంతా ఆల్కహాల్‌గా మారిపోతే తీపి పోతుంది, పువ్వుల వాసన మిగులుతుంది. తాగితే తెల్ల వైన్‌కి దగ్గరగా ఉంటుంది. తీపి కావాలంటే చివర్లో మళ్లీ తేనె కలుపుతారు. పోలండ్‌లో తేనెకి, నీళ్లకి మధ్య పాళ్లని బట్టే మీడ్‌కి పేర్లు పెట్టారు. ఒక వంతు తేనెకి అర వంతు నీళ్లయితే పూటొరాక్, సమానమైతే ద్వుయ్నియాక్, రెండు వంతుల నీళ్లయితే త్రుయ్నియాక్, మూడు వంతులైతే చ్ఫుర్నియాక్. మొదటి రకం ఏళ్ల తరబడి నిల్వ ఉంచితే గానీ తాగలేరు.

చేసేముందు ఒక సీసా కొని తాగి చూడండి. మీ ఊళ్లో ఇథియోపియన్ రెస్టారెంట్ ఉంటే తేజ్ అడగండి. అది గేషో అనే మొక్క కొమ్మలు, ఆకులు వేసి పులియబెట్టే తేనె వైన్, కాస్త చేదు తగులుతుంది. వాషింగ్టన్ డీసీ, ఉత్తర వర్జీనియా వైపు ఉన్నవాళ్లకి ఇది సులువుగా దొరుకుతుంది. ఎలాంటిది మీకు నచ్చుతుందో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది.

ఏమేం కొనాలి?

రెండు గ్యాలన్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్, మూత, ఒక గ్యాలన్ గాజు జగ్గు, దానికి సరిపోయే రబ్బరు బిరడా, రెండు ఎయిర్‌లాక్‌లు (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వనివి), సైఫన్ పైపు, హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత చూపించే గాజు పరికరం), దాన్ని ముంచే పొడవాటి గొట్టం, స్టార్ శాన్ లాంటి శానిటైజర్, గ్రాములు చూపించే వంటింటి కాటా. హోమ్‌బ్రూ షాపుల్లో అన్నీ దొరుకుతాయి.

హైడ్రోమీటర్ లేకుండా కానిచ్చేద్దామని చాలామంది అనుకుంటారు. ఏది మానేసినా అది మాత్రం మానకండి. పులవడం ఎంతవరకు వచ్చింది, ఆగిపోయిందా, సీసాల్లో పోయొచ్చా అన్నది చెప్పేది అదొక్కటే.

ఏ తేనె మంచిది? ఊరి నుంచి తెచ్చుకున్న గిరిజన తేనె వాడొచ్చా?

మొదటిసారికి దుకాణంలో దొరికే స్వచ్ఛమైన క్లోవర్ తేనెగానీ వైల్డ్‌ఫ్లవర్ తేనెగానీ చాలు. ఆరెంజ్ బ్లాసమ్ తేనెతో చేస్తే వాసన చాలా బాగుంటుంది, కొంచెం ఖర్చు ఎక్కువ. లేబుల్ మీద తేనె తప్ప ఇంకేమీ ఉండకూడదు. కార్న్ సిరప్ కలిపినవి పక్కన పెట్టండి.

అరకు నుంచో, గిరిజన కోఆపరేటివ్ దుకాణం నుంచో తెచ్చుకున్న తేనె ఉంటే దాన్ని మొదట్లోనే బకెట్‌లో పోసేయకండి. పులిసేటప్పుడు వచ్చే గ్యాస్ తేనె పరిమళంలో చాలా భాగాన్ని తీసుకుపోతుంది. ఆ తేనెని దాచిపెట్టి, చివర్లో తీపి సరిచేసేటప్పుడు కలపండి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలిసేది అప్పుడు కలిపిన తేనే.

నీళ్లు ఏవి వాడాలి? తేనెని మరిగించాలా?

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. గ్రోసరీలో దొరికే స్ప్రింగ్ వాటర్ తెచ్చుకుంటే సరిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ వద్దు, ఈస్ట్‌కి కావలసిన ఖనిజాలు అందులో ఉండవు. తేనెని మరిగించొద్దు. పాత పుస్తకాల్లో మరిగించి నురగ తీయమని ఉంటుంది, దానివల్ల పోయేది వాసనే. తేనెని వేడి చేయకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎలాగూ చెబుతుంటారు, ఇక్కడా ఆ అలవాటే మంచిది. తేనె గడ్డకట్టి ఉంటే సీసాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి.

ఒక గ్యాలన్‌కి కొలతలు చెప్పి, మొదటి రోజు ఏం చేయాలో వరుసగా చెప్పండి.

తేనె రెండున్నర పౌండ్లు, అంటే సుమారు 1.13 కిలోలు. కప్పులతో కొలవొద్దు, కాటా మీద తూచండి. నీళ్లు మూడు లీటర్లు. ఈస్ట్ ఐదు గ్రాముల ప్యాకెట్ ఒకటి.

ముందు బకెట్, గరిటె, మూత, ఎయిర్‌లాక్, హైడ్రోమీటర్ అన్నీ సబ్బుతో కడిగి, తర్వాత శానిటైజర్‌లో ముంచండి. స్టార్ శాన్ అయితే లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీలీటర్లు చాలు, వస్తువు రెండు నిమిషాలు తడిగా ఉంటే పని అయిపోతుంది. దాన్ని మళ్లీ నీళ్లతో కడగక్కర్లేదు, అంటుకున్న నురగ వల్ల మీడ్‌కి ఏమీ కాదు. కడగడం, శానిటైజ్ చేయడం రెండూ వేర్వేరు పనులు. జిడ్డున్న బకెట్‌ని ఎంత శానిటైజ్ చేసినా ప్రయోజనం లేదు.

బకెట్‌లో తేనె పోసి, సగం నీళ్లు పోసి బాగా కలపండి. అడుగున తేనె పొరలా ఉండిపోతుంది, కనబడదు. గరిటెతో అడుగు గీకుతూ కలిపితే జిగురు తగలడం ఆగిపోతుంది, అప్పుడు కలిసినట్టు. మిగతా నీళ్లు పోసి, ఐదు నిమిషాలు గట్టిగా గిలకొట్టండి. ఈస్ట్ మొదట్లో సంఖ్య పెంచుకోవడానికి ఆక్సిజన్ కావాలి. గాలి మంచిదయ్యేది ఈ తొలి రోజుల్లోనే, ఆ తర్వాత గాలి తగిలితే మీడ్ పాడవుతుంది.

ఇప్పుడు హైడ్రోమీటర్ ముంచి చూడండి. గొట్టంలో దాన్ని ఒకసారి తిప్పి వదిలితే అంటుకున్న బుడగలు ఊడిపోతాయి. కంటిని నీటిమట్టానికి తెచ్చి, గాజు దగ్గర పైకి పాకిన అంచుని కాకుండా మధ్యలో ఉన్న మట్టాన్ని చదవండి. 1.088 దగ్గర ఉండాలి. ఈ అంకెనే గ్రావిటీ అంటారు, చక్కెర తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది. రాసి పెట్టుకోండి.

చివరగా ఈస్ట్. 50 మిల్లీలీటర్ల నీళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉండి కాలకుండా ఉండాలి. ప్యాకెట్ అందులో చల్లి పదిహేను నిమిషాలు వదిలేయండి. బకెట్‌లోంచి ఒక్కో చెంచా తేనె నీళ్లు కలుపుతూ చల్లార్చి, ఆ తర్వాతే బకెట్‌లో పోయండి. మూత పెట్టి, ఎయిర్‌లాక్‌లో గీత దాకా నీళ్లు పోసి చీకటిగా ఉండే చోట పెట్టండి.

ఏ ఈస్ట్ కొనాలి? రొట్టెల ఈస్ట్ పనికిరాదా?

మొదటిసారికి లాల్విన్ 71బి కొనండి. 15 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ దాకా ఓర్చుకుంటుంది, 14 శాతం ఆల్కహాల్ వరకు పనిచేస్తుంది, త్వరగా తాగడానికి వీలైన మీడ్ ఇస్తుంది. డి47 పేరు చాలాచోట్ల వినిపిస్తుంది, కానీ గది 20 డిగ్రీలు దాటితే దాంతో ఘాటైన, గొంతు మండించే రుచి వస్తుంది. ఈసీ 1118 దేన్నైనా పులియబెడుతుంది, 18 శాతం దాకా పోతుంది, తేనె వాసనని పెద్దగా మిగల్చదు. రొట్టెల ఈస్ట్‌తో మీడ్ అవుతుంది, కానీ అది అడుగున గట్టిగా పేరుకోదు, రుచి మీద నమ్మకం ఉండదు. వైన్ ఈస్ట్ ప్యాకెట్ ఖరీదు ఒకట్రెండు డాలర్లు. ఇక్కడ పొదుపు చేయడం దండగ.

పోషకాలు తప్పనిసరా? కిస్‌మిస్ వేస్తే చాలంటారు కదా?

ఎవరైనా ఒక్కటే సలహా చెప్పమంటే నేను చెప్పేది ఇదే. తేనెలో నత్రజని చాలా తక్కువ. అది అందకపోతే ఈస్ట్ కుంటుతుంది, కుళ్లిన గుడ్ల వాసన గ్యాస్ వదులుతుంది, సగంలో ఆగిపోతుంది. పాతకాలంలో మీడ్ ఏడాది, రెండేళ్లు నిల్వ ఉంటే గానీ తాగలేకపోవడానికి ఇదో పెద్ద కారణం. గుప్పెడు కిస్‌మిస్‌లో ఉండే పోషకాలు దీనికి ఏ మూలకీ చాలవు. రుచి కోసమైతే వేసుకోండి, తిండి కోసం కాదు.

ఫర్మెయిడ్ ఓ అనే పోషకం కొనండి. ఈ బ్యాచ్‌కి మొత్తం నాలుగు గ్రాములు కావాలి. ఒకేసారి వేయకుండా నాలుగు భాగాలు చేసి, ఈస్ట్ వేసిన 24 గంటలకి ఒక గ్రాము, 48 గంటలకి ఒకటి, 72 గంటలకి ఒకటి, గ్రావిటీ 1.059 దగ్గరికి వచ్చినప్పుడు చివరిది వేయండి. చక్కెరలో మూడో వంతు అయిపోయే చోటు అది. వారం గడిచినా అక్కడికి రాకపోతే ఏడో రోజున వేసేయండి.

వేసే పద్ధతి ముఖ్యం. మీడ్ నిండా కరిగిన గ్యాస్ ఉంటుంది. పొడిని నేరుగా చల్లితే ఒక్క క్షణంలో నురగ పొంగి, మూత దాటి, కౌంటర్ మీద నుంచి కార్పెట్ దాకా పారుతుంది. ముందు శానిటైజ్ చేసిన గరిటెతో నెమ్మదిగా కలపండి. బుసబుసలాడుతుంది, తగ్గాక మళ్లీ కలపండి. పొడిని రెండు చెంచాల నీళ్లలో కలిపి, అప్పుడు పోయండి. మొదటి మూడు, నాలుగు రోజులు రోజుకి రెండుసార్లు ఇలా గ్యాస్ వదిలించడం ఈస్ట్‌కీ మంచిదే.

ఎంత వేడిలో పెట్టాలి?

18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఫారన్‌హీట్‌లో 64 నుంచి 72. చలికాలంలో ఇడ్లీ పిండి పులవడానికి ఓవెన్‌లో లైటు వేసి పెడతామే, మీడ్‌కి అలాంటి వెచ్చదనం అస్సలు వద్దు. టెక్సస్, ఆరిజోనా లాంటి చోట్ల వేసవిలో గరాజ్‌లో పెట్టకండి. ఇంటి మధ్యలో ఉండే క్లోజెట్ మంచి చోటు. పులిసేటప్పుడు లోపల గది కన్నా రెండు, మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. అదీ లెక్కలో పెట్టుకోండి.

రెండు రోజులైంది, ఎయిర్‌లాక్‌లో బుడగలు లేవు. చెడిపోయిందా?

టెన్షన్ పడకండి. బకెట్ మూత సరిగ్గా బిగుసుకోకపోతే గ్యాస్ పక్కనుంచి పోతుంది, లోపల పని జరుగుతూనే ఉంటుంది. మూత తీసి చూస్తే సన్నని నురగ, చెవి దగ్గర పెడితే చిటపట శబ్దం ఉంటాయి. నమ్మకం కుదరకపోతే గ్రావిటీ చూడండి. 1.088 నుంచి కొంచెం తగ్గినా పని మొదలైనట్టే. మూడో రోజుకి కూడా అంకె కదలకపోతే ఇంకో ప్యాకెట్ ఈస్ట్ నానబెట్టి వేయండి.

కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది.

ఈస్ట్ ఆకలితో ఉందని అర్థం. మొదటి వారమైతే పోషకం వేళకి వేశారో లేదో చూడండి, నెమ్మదిగా కలిపి గ్యాస్ వదిలించండి. చాలావరకు రెండు, మూడు రోజుల్లో పోతుంది. వెనిగర్ వాసన వస్తే మాత్రం గాలి తగిలి బ్యాక్టీరియా చేరినట్టు, దాన్ని మళ్లీ మీడ్ చేయలేం. పైన బూజు నూగులా, ఆకుపచ్చగానో నల్లగానో పెరిగితే రుచి చూడకుండా పారబోయండి. తేనె ఖరీదు గురించి ఆలోచించొద్దు.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది? ఆల్కహాల్ ఎంతో లెక్కెలా?

రెండు నుంచి నాలుగు వారాల్లో గ్రావిటీ 1.000 దగ్గరికో, ఇంకా కిందికో వస్తుంది. రెండు వారాల తేడాతో రెండుసార్లు చూసినప్పుడు అదే అంకె ఉంటే అయిపోయినట్టు. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131తో గుణించండి. 1.088 నుంచి 0.998కి వస్తే తేడా 0.090, అంటే దాదాపు 11.8 శాతం.

అప్పుడు సైఫన్‌తో గాజు జగ్గులోకి మార్చండి. అడుగున చేరిన మడ్డిని కదపకండి, పైపు చివరని జగ్గు అడుగుకి ఆనించండి, మీడ్ పైనుంచి పడి చిందకూడదు. జగ్గు మెడ దాకా నిండాలి. ఖాళీ ఉంటే గాలి ఉన్నట్టే.

తేరుకోవట్లేదు, మబ్బుగానే ఉంది. శాకాహారులం, ఏం వేయొచ్చు?

ముందు ఒకట్రెండు నెలలు ఆగండి. చాలావరకు అదే తేరుకుంటుంది, జగ్గు వెనక పెట్టిన పేపర్ అక్షరాలు చదవగలిగేంతగా. తొందరైతే బెంటొనైట్ వాడండి, అది మట్టి. షాపుల్లో దొరికే వాటిలో జెలటిన్ జంతువుల నుంచి, ఐసిన్‌గ్లాస్ చేపల నుంచి, కైటోసాన్ ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి వస్తాయి. రెండు సీసాలుగా కలిపి అమ్మే కొన్ని ప్యాకెట్లలో కైటోసాన్ ఉంటుంది, లేబుల్ చదివి కొనండి.

తియ్యగా కావాలి. సీసాల్లో పోసేముందు తేనె కలిపేయొచ్చా?

నేరుగా కలిపి మూత బిగిస్తే సీసా పేలుతుంది. ఇది మాటవరసకి చెప్పడం లేదు. మీడ్‌లో ఈస్ట్ బతికే ఉంటుంది, కొత్త తేనె దొరకగానే మళ్లీ మొదలుపెడుతుంది. మూసిన సీసాలో గ్యాస్ పోవడానికి దారి ఉండదు, గాజు ముక్కలు గదంతా ఎగిరిపడతాయి. పిల్లలు తిరిగే ఇంట్లో దీన్ని చాలా జాగ్రత్తగా చూసుకోవాలి.

మీడ్ పూర్తిగా తేరుకున్నాక, మడ్డి లేకుండా ఇంకో పాత్రలోకి మార్చి, గ్యాలన్‌కి ఒక క్యాంప్‌డెన్ బిళ్ల (సల్ఫైట్ బిళ్ల) పొడి చేసి, అర టీస్పూన్ పొటాషియం సార్బేట్ (ఈస్ట్ మళ్లీ పెరగకుండా ఆపే పొడి) కలపండి. రెండూ కావాలి, ఒకటి వేసి ఊరుకుంటే చాలదు. ఇవి పులుస్తున్న మీడ్‌ని ఆపలేవు, ఆగిపోయినదాన్ని మళ్లీ మొదలవకుండా చూస్తాయి. ఒక రోజు ఆగి తేనె కలపండి. 150 గ్రాములు కలిపితే గ్రావిటీ 1.010 దగ్గరికి వస్తుంది, ఓ మోస్తరు తీపి. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా కలిపి రుచి చూస్తూ వెళ్లండి. ఎయిర్‌లాక్‌తోనే ఇంకో రెండు వారాలు ఉంచి, అంకె కదలకపోతేనే సీసాల్లో పోయండి.

మామిడి, ఏలకులు వేసి చేయొచ్చా?

చేయొచ్చు, కానీ రెండో బ్యాచ్‌లో. మొదటిది సాదాగా చేస్తేనే మీ తేనె, మీ ఈస్ట్, మీ గది ఎలా ఉన్నాయో తెలుస్తుంది. మామిడికి ఇండియన్ స్టోర్లలో దొరికే పల్ప్ డబ్బాలు బాగా పనికొస్తాయి. చిత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో తయారయ్యే తోతాపురి పల్ప్ అమెరికా దాకా వస్తుంది. చాలా డబ్బాల్లో చక్కెర కలిపి ఉంటుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోండి. సార్బేట్ గానీ బెంజోయేట్ గానీ ఉంటే ఈస్ట్ పనిచేయదు. మొదటి దశలో పులవడం అయ్యాక కలిపితే మామిడి వాసన నిలుస్తుంది, పండులోని పెక్టిన్‌ని విడగొట్టే పెక్టిక్ ఎంజైమ్ వేస్తే త్వరగా తేరుకుంటుంది. ఏలకులు గ్యాలన్‌కి మూడు, నాలుగు చాలు. లవంగం ఒక్కటే వేయండి, రెండో రోజు నుంచి రోజూ రుచి చూసి, చాలనిపించగానే తీసేయండి.

ఎప్పుడు తాగొచ్చు?

సీసాల్లో పోసిన రోజున తాగి నిరాశపడేవాళ్లు చాలామంది. మూడు నెలలకి ఘాటు తగ్గుతుంది, ఆరు నెలలకి తేనె వాసన మళ్లీ పైకి వస్తుంది. గ్యాలన్‌కి నాలుగైదు సీసాలే వస్తాయి కాబట్టి మూడో నెలలో ఒకటి, ఆరో నెలలో ఒకటి తెరిచి, మిగతావి ఏడాది దాకా ఉంచండి. చల్లగా, వెలుతురు తగలని చోట ఉంచాలి.

స్నేహితులకి ఇవ్వొచ్చా? అమ్మొచ్చా?

21 ఏళ్లు దాటినవాళ్లతో ఇంట్లో కలిసి తాగొచ్చు, ఇవ్వొచ్చు. అమ్మకూడదు. తేనె ఖర్చు పంచుకుందామని డబ్బులు తీసుకున్నా అది అమ్మకం కిందికే వస్తుంది. ఇచ్చేటప్పుడు సీసా మీద తేదీ, ఆల్కహాల్ శాతం, ఏమేం వేశారో రాయండి. సల్ఫైట్ పడనివాళ్లు ఉంటారు, క్యాంప్‌డెన్ వేసి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి.